ఏడుగురికి ఓడ

చైత్ర మేడ మీంచి దిగొచ్చి
నా మంచం మీద గ్రాఫు కాగితం పరిచింది.
"అత్తా, నా కథలో నక్షత్రాల ఓడ ఉండాది.
లోపల ఎట్లుంటాదో నాకు తెలీదు.
నువ్వు రైలుపెట్టెలు చేసినావు కదా, గీసియ్యి."

సెట్టిపల్లి వర్కుషాపులో ముప్పై యేండ్లు
బెర్తులు విప్పినాను, బిగించినాను, మళ్లీ విప్పినాను.
పైబెర్తు మీది మనిషి ఉలిక్కిపడి లేస్తే
తల తగలకుండా ఎంత ఎత్తుండాలో
టేపు లేకుండా చెప్పగలను.

"ఎంతమంది?"
"ఏడుగురు. కెప్టెను, డాక్టరు, ఇద్దరు మెకానిక్కులు,
వంటాయన, రాళ్లను పరీక్ష చేసే ఆమె."
"ఆరుగురే అయినారు."
"ఏడో మనిషి ఎవరో ఇంకా తట్టలేదు."

ముందు కక్కసు గీసినాను.
పడీపడీ నవ్వింది. నవ్వనీ.
ఎంత దూరం పోయే బండైనా
ఎక్కంగానే మనిషి కండ్లు వెదికేది దాన్నే.
దానికీ వంటగదికీ నడుమ
నీళ్ల ట్యాంకు అడ్డం పెట్టినాను.

పక్కింటి మేస్త్రి నాగభూషణం తొంగిచూసి
"వంట ఆగ్నేయంలో గదా రావాల్సింది" అన్నాడు.
"ఆకాశంలో ఆగ్నేయం ఏ పక్కనన్నా?"
చాలాసేపు అట్లే నిలబడినాడు,
వాకిట్లో విడిచిన చెప్పులు కనపడనోడి మాదిరి.
టీ ఇస్తే తాగి, ఏమీ అనకుండా పోయినాడు.

పడకలు నాలుగే.
ఒకరు లేస్తేనే ఇంకొకరు పడుకోవాల.
"ఇంకొకరి వెచ్చన మీదా? ఛీ!"
రాత్రి షిఫ్టులో ఒకే స్టూలు మీద
వంతులేసుకుని కునుకు తీసినోళ్లం మేము.
పరుపులకు మాత్రం రెక్సిన్ వద్దని రాసినాను.
చెమట పడితే అది మనిషిని వదలదని
ఖాదర్ వలీ ప్రతి కుట్టుకూ ఒకసారి చెప్పేవాడు.

నడవ, రెండడుగుల వెడల్పు.
"ఇంకొంచెం పెంచు అత్తా, ఇద్దరు ఎదురైతే ఎట్లా?"
"నీ కెప్టెనుకూ డాక్టరుకూ మాటల్లేవన్నావే.
ఈడ తగులుకోనీ."
పెన్సిలు కొరుకుతా నన్నే చూసింది.
కాగితం మూల ఏదో రాసుకుని
చెయ్యి అడ్డం పెట్టింది.

కిటికీ ఒక్కటే పెట్టినానని అలిగింది.
మేడ మీదికి తీసకపోయినాను.
ఘాట్ రోడ్డు మీద బస్సుల దీపాలు
మెలికలు తిరుగుతా కొండెక్కుతా ఉండాయి,
దారానికి దారి తెలిసినట్టు.
మా వీధిలో నలభై మేడలు. ఒక్క తలా అటు తిరిగి లేదు.
"చూడు. అద్దాలెక్కువైతే ఎవురూ చూడరు.
ఒకటే ఉంటే తోసుకుంటారు."

ఇంక మిగిలింది నడవ చివర గోడ.

పాత పెట్టెలు విప్పేటప్పుడు
బెర్తుల కింద ఏమేమో దొరికేవి.
చంటిబిడ్డ మువ్వ,
రాయైపోయిన లడ్డు ముక్క,
గుండు చేయించుకున్నోడి కొత్త టోపీ.
గోడల మీద మేకులతో గీకిన పేర్లు.
ఒకచోట "ఓబులేసు, మూడోసారి" అని ఉండె.
ఏం మూడోసారో!
పుట్టీ పూసి, ఆకుపచ్చ రంగు రెండు చేతులేసింది నేనే.
రంగు ఆరేదాకా ఆడనే నిలబడినాను.

ఓడంతా ఇనుమే.
ఆ గోడకు మాత్రం ఒక టేకు పలక గీసినాను.
పక్కన రాసినాను, రంగు వెయ్యరాదని.
"ఇదెందుకత్తా?"
"ఉండనీ."
"బరువు కదా, పైకి లేస్తాదా?"
"నీ కథ. లేపుకో."

కాగితం చుట్టుకుని మెట్లెక్కింది.
దీపం ఆర్పి పడుకున్నాను.
మళ్లీ ధనధనా అడుగులు.
"అత్తా! కక్కసు తలుపు లోపలికి తెరుచుకుంటాది.
లోపలుండే మనిషి యాడ నిలబడాల?"

ముప్పై యేండ్ల సర్వీసు.
దీపమేసి, రబ్బరు ఇమ్మన్నాను.